దేవుడికి ముక్కు మీద కోపమా?

వందనాలు అమ్మా.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి నీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. నువ్వు గుణుపూర్‌లో డిగ్రీ చదువుతున్నావు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వంశధార పొంగినప్పుడు కాశీనగర్ వైపు ఉన్న మీ మామయ్యగారి ఇల్లు కొట్టుకుపోయింది. ఆ తర్వాత పెట్టిన ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన లేచి "ఇది దేవుని ఉగ్రత, ఈ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది" అన్నారు. అప్పుడు నీది చిన్న వయసు, అయినా ఆ మాట నిన్ను వదల్లేదు. ఇప్పుడేమో కాలేజీలో ఒక స్నేహితురాలు "పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, యేసు మంచివాడు, ఇద్దరూ ఒక్కరే ఎలా అవుతారు?" అంది. అసలు దేవుడు ఎలాంటివాడో ఎక్కడ మొదలుపెట్టి తెలుసుకోవాలి అని అడిగావు.

నేను పాస్టర్ని కాను. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. రాయగడ రైల్వే కాలనీలో ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూల్ నడిపాను. హీబ్రూ, గ్రీకు బడిలో నేర్చుకున్నవాణ్ని కాదు. తెలిసిన అయ్యగార్లను విసిగించి, పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో మాటే పట్టుకున్నాను. ఆ మేరకే చెబుతాను.

ముందు ఆ కూటంలో అన్న మాట సంగతి తేల్చుకోవాలి. అది గొంతులో ముల్లులా ఉండగా మిగతాది దిగదు.

లూకా 13వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు తియ్యి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. అప్పటి జనం కూడా మన కూటంలో పెద్దాయనలాగే ఆలోచించారు: వాళ్లు ఏదో చేసే ఉంటారు. యేసు సూటిగా అడిగాడు, వాళ్లు యెరూషలేములో కాపురమున్న అందరికంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని. తనే జవాబు చెప్పాడు, కారు అని. ఆ తర్వాత మాట వింటున్నవాళ్ల మీదికి తిప్పాడు: మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. చనిపోయినవాళ్ల లెక్క విప్పలేదు, బతికున్నవాళ్ల లెక్క అడిగాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి విషయంలోనూ అంతే. వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు వీళ్లూ కాదు అన్నాడు.

ఆ పెద్దాయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. బైబిల్లో కొన్ని విపత్తుల్ని దేవుని తీర్పు అని చెప్పిన మాట నిజమే. ఐగుప్తు తెగుళ్లు, యెరూషలేము పతనం అలాంటివే. కానీ ప్రతిసారీ అది దేవుడే ప్రవక్త నోట చెప్పించిన మాట, అదీ ఎక్కువగా ముందుగానే, తిరిగి రమ్మనే పిలుపుతో. ఇల్లు పోయాక, గోడలకి ఇంకా బురద అంటుకుని ఉండగా, పక్కింటివాడు ఊహించి చెప్పే అధికారం ఎవరికీ లేదు. అన్నీ పోగొట్టుకున్న యోబు అనే నీతిమంతుడితో, నువ్వు ఏదో పాపం చేసే ఉంటావని వాదించిన అతని స్నేహితులు చేసింది అదే. చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. యోబు 42:7 చూడు.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే ఆ తప్పు నేనూ చేశాను. అప్పుడు నాకు ముప్పై కూడా లేవు. మా సెక్షన్‌లో గ్యాంగ్‌మన్‌గా చేసే అతని ఏడేళ్ల కొడుకు మలేరియా మెదడుకెక్కి మూడు రోజుల్లో పోయాడు. నేను బైబిలు చంకన పెట్టుకుని వెళ్లాను. ఇంటి బయట మంచం వేశారు. అతను నాకు టీ ఇచ్చి, తన గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "ప్రభువు తాను ప్రేమించినవాణ్ని శిక్షిస్తాడు బ్రదర్" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. అతను నన్ను చూడలేదు. గ్లాసు నేల మీద పెట్టాడు, తాగకుండా. లేచి లోపలికి వెళ్లిపోయాడు. రెండేళ్లు చర్చి గడప తొక్కలేదు. చాలాకాలం తర్వాత ఒక రాత్రి డ్యూటీలో అతనే అన్నాడు: "ఆ రోజు నువ్వు ఊరికే కూర్చుని ఉంటే సరిపోయేది." యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే.

ఇక అసలు ప్రశ్న.

దేవుడు ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఎవరినో అడగడం కంటే, తన గురించి తానే ఏం చెప్పుకున్నాడో చూడటం మేలు. దానికి నేను ఎప్పుడూ పిల్లల్ని నిర్గమకాండము 32 నుంచి 34 దాకా తీసుకెళ్తాను. సందర్భం ముఖ్యం. సీనాయి కొండ దగ్గర దేవుడికీ ఇశ్రాయేలు జనానికీ మధ్య నిబంధన, అంటే ఒప్పందం, అప్పుడే జరిగింది. పెళ్లి పందిరి విప్పకముందే పెళ్లికూతురు ఇంకొకరితో వెళ్లిపోయినట్టు, జనం బంగారు దూడ పోసుకుని మొక్కారు. వాళ్ల నాయకుడు మోషే దేవుని ఆజ్ఞలున్న పలకలు పగలగొట్టాడు. ఆ గొడవంతా అయ్యాక మోషే దేవుణ్ని ఒకటి అడిగాడు: నీ మహిమ నాకు చూపించు. మనమైతే మహిమ అంటే మెరుపులు, ఉరుములు, కళ్లు చెదిరే వెలుగు అనుకుంటాం. దేవుడు ఏమన్నాడో 33:19లో ఉంది: నా మంచితనమంతా నీ ఎదుట కనబరుస్తాను. మోషే అడిగింది మహిమ, దేవుడు చూపిస్తానన్నది మంచితనం. నా ముఖం చూడలేవు అని బండ సందులో నిలబెట్టి, చేత్తో కప్పి, దాటి వెళ్తూ తన పేరు తానే ప్రకటించాడు. మోషే చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఆ విన్నదే 34:6: "యెహోవా కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా."

ఈ వాక్యం చాలామందికి కంఠతా వచ్చు. వచ్చు కాబట్టే వినపడదు. మన సంఘాల్లో ఎక్కువగా చదివే బైబిలు గ్రాంథికంలో ఉంది. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. ఆయన తిరిగిన గడ్డ మీద ఉండి కూడా మనం ఇంట్లో దేవుడితో పుస్తకం తెలుగులోనే మాట్లాడతాం. సరే, అది వేరే సంగతి. ఈ వాక్యంలో మాటల్ని ఇంటి తెలుగులోకి దించి చూడు.

దీర్ఘశాంతము. హీబ్రూలో ఈ మాట "ఎరెక్ అప్పాయిమ్". ఉన్నదున్నట్టు చెబితే "పొడుగు ముక్కువాడు". నవ్వకు. హీబ్రూలో ముక్కుకీ కోపానికీ ఒకే మాట. కోపం వచ్చిందనడానికి "ముక్కు మండింది" అంటారు. బంగారు దూడ దగ్గర దేవుడికి కోపం వచ్చినప్పుడు 32:10లో వాడిన మాట అదే. ఈ సంగతి ఇంగ్లీషువాళ్లకి ఒక పేజీ వివరణ ఇవ్వాలి. మన అమ్మమ్మలకి అక్కర్లేదు. "వాడికి ముక్కు మీదే ఉంటుంది కోపం" అని రోజూ అనేవాళ్లే కదా. తాకితే చాలు, బయటపడుతుంది. దేవుడేమో తన గురించి, నా కోపం ముక్కు మీద ఉండదు, అది అక్కడిదాకా రావడానికి చాలా దూరం నడవాలి అంటున్నాడు. కోపం లేదని అనలేదు. ఆలస్యంగా వస్తుంది అన్నాడు.

కనికరము. ఈ మాట "రెహెమ్" అనే మాటకి చుట్టం. రెహెమ్ అంటే గర్భసంచి. తెలుగులో దీనికి కడుపుతీపి కంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. జాలి వేరు, కడుపుతీపి వేరు. రోడ్డు మీద ఎవరిని చూసినా జాలి పడతాం. కడుపుతీపి తన కడుపున పుట్టినవాళ్ల మీదే. దేవుణ్ని తండ్రి అనడం మనకి అలవాటు, కానీ తన గుణాలు చెప్పుకునేటప్పుడు ఆయన నోటికి ముందుగా వచ్చింది తల్లి కడుపు మాట. యెషయా 49:15 కూడా అదే చెబుతుంది: స్త్రీ తన చంటిపిల్లను మరచునా? వాళ్లయినా మరుస్తారేమో, నేను మరువను.

కృప. హీబ్రూలో "హెసెద్". ఊరికే ఇచ్చేది కృప అని సండే స్కూల్లో నేర్పుతాం. తప్పు కాదు, కానీ సగమే. హెసెద్ అంటే మాట ఇచ్చినందుకు, బంధం కలుపుకున్నందుకు వదలకుండా నిలబడే ప్రేమ. మా కాలనీలో ఒక ఒడియా పాయింట్స్‌మన్ ఉండేవాడు. భార్యకి పక్షవాతం, చాలా ఏళ్లు మంచం మీదే. ఉదయం డ్యూటీకి బయల్దేరేముందు ఆమె తల దువ్వి జడ వేసేవాడు. మొదట్లో జడ వంకరగా వచ్చేది, రాను రాను నేర్చుకున్నాడు. ఒకసారి మా ఆవిడ ఎంత ఓపిక బాబూ నీకు అంటే, అర్థం కానట్టు చూసి "పెళ్లి చేసుకున్నాను కదమ్మా" అన్నాడు. అతను మా చర్చికి వచ్చేవాడు కాదు. కానీ నాకు హెసెద్ అనగానే గుర్తొచ్చేది ఆ వంకర జడే. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26 సార్లూ "ఆయన కృప నిరంతరముండును" అని వస్తుంది. చదివేటప్పుడు విసుగు. మంచం మీద ఉన్నవాళ్లకి విసుగనిపించదు.

సత్యము దగ్గర ఎక్కువ ఆగను. "ఎమెత్" అనే ఆ మాట, మనం ప్రార్థన చివర అనే "ఆమేన్" ఒకే వేరు నుంచి వచ్చినవి. బరువు వేస్తే వంగనిది అని అర్థం.

ఇప్పుడు నీ స్నేహితురాలికి ఇబ్బంది అనిపించే భాగం, అదే 34వ అధ్యాయం 7వ వచనం. దోషాన్ని క్షమిస్తాడు "గాని" దోషులను నిర్దోషులుగా ఎంచడు, తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుంది అని ఉంది. చాలామంది ప్రసంగీకులు 6వ వచనం చదివి బైబిలు మూసేస్తారు. ఇంకొందరు 7వ వచనం మాత్రమే చదివి భయపెడతారు. రెండూ కలిపే చదవాలి.

కోపమే లేని దేవుడు మంచివాడా? మన సంతలు నీకు తెలుసు. కొండ మీద నుంచి తెల్లవారుజామునే గంప నెత్తిన పెట్టుకుని దిగిన ఒక అమ్మ చింతపండు అమ్ముకుంటోంది. వ్యాపారి కాటా పట్టుకున్నాడు. పళ్లెం కింద అతని చిటికెన వేలు పైకి ఎత్తి పట్టింది. నేను పక్కనే ఉండి చూశాను. నాలుగు కేజీలు దాటే సరుకు మూడు కేజీలకి తేలింది. ఆమెకి ముల్లు చదవడం రాదు, ఇచ్చిన నోట్లు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. నేను నోరెత్తలేదు, అది నా పాపం. ఆ వేలుని చూసి కూడా చిరునవ్వుతో ఊరుకునే దేవుడైతే, ఆ అమ్మకి ఆయన వల్ల ఏం లాభం? దొంగత్రాసు యెహోవాకు హేయము అని సామెతలు 11:1 చెబుతోంది. ఆయన కోపం ఆయన ప్రేమకి శత్రువు కాదమ్మా. ఆ అమ్మని ప్రేమిస్తున్నాడు కాబట్టే ఆ వేలు మీద కోపం.

మూడు నాలుగు తరాల సంగతి. అప్పట్లో ఒక కప్పు కింద మూడు నాలుగు తరాలు బతికేవి. తాత తాగి పొలం పోగొడితే మనవడు కూలికి పోవడం మనకీ తెలిసిందే. తప్పు చేసినవాడు ఒకడు, దాని నీడ ఇంటిల్లిపాది మీదా. అంతే తప్ప, మీ తాత పాపానికి నువ్వు దోషివి అని కాదు. జనం అలా అర్థం చేసుకుని "తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి" అని సామెతే కట్టుకున్నారు. యెహెజ్కేలు 18లో దేవుడు ఇకమీదట ఆ సామెత పలకొద్దని ఆపేశాడు. తండ్రి దోషం కొడుకు మొయ్యడు అన్నాడు. అంకెలు కూడా చూడు: శిక్ష వైపు మూడు, నాలుగు. కృప వైపు వేయి. ద్వితీయోపదేశకాండము 7:9లో అయితే వెయ్యి తరాలు అనే ఉంది.

పాత నిబంధన మనుషులు తమ దేవుణ్ని కోపిష్ఠి అనుకోలేదనడానికి సాక్ష్యం యోనా ప్రవక్త. దేవుడు వెళ్లి హెచ్చరించమన్నా ఆయన శత్రువుల ఊరు నీనెవెకి వెళ్లకుండా పారిపోయింది భయపడి అని చిన్నప్పుడు నేర్చుకున్నాం. 4:2లో ఆయనే అసలు కారణం చెప్పాడు. నువ్వు కటాక్షమూ జాలీ బహుశాంతమూ గల దేవుడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అన్నాడు. అంటే నిర్గమకాండము 34లో మాటలే, కానీ ఫిర్యాదుగా! శత్రువుల ఊరు తగలబడితే చూద్దామని పందిరేసుకుని కూర్చున్నాడు, దేవుడు క్షమించేశాడు. ఆ పుస్తకం చివరి వాక్యం ప్రశ్న: లక్ష ఇరవై వేలకు మించిన జనం, బోలెడు పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా? పశువుల్ని కూడా లెక్కేశాడు. ముక్కు మీద కోపం ఉన్నది ప్రవక్తకి.

నీ స్నేహితురాలి మాట కొత్తది కాదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే ఆయన సరిగ్గా ఇదే చెప్పాడు: పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని. పాత నిబంధన మొత్తం పక్కన పెట్టి, లూకా సువార్తలో కూడా కత్తిరింపులు వేశాడు. క్రీ.శ. 144లో రోమా సంఘం ఆయన్ని వెలివేసింది. కాబట్టి ఆ అమ్మాయిని కసరకు. సంఘం మొదట్లోనే ఎదుర్కొన్న ప్రశ్న అది.

యేసు దగ్గరికి వస్తే, నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు అన్నాడు, యోహాను 14:9. మోషేకి వీపే కనబడింది, శిష్యులకి ముఖం కనబడింది. సువార్తల్లో యేసు "కనికరపడెను" అని వచ్చే చాలా చోట్ల గ్రీకులో ఉన్న మాట పేగులకి సంబంధించింది. మన భాషలో కడుపు తరుక్కుపోయింది అంటామే, అదే. నాయీను ఊరి విధవరాలు ఒక్కగానొక్క కొడుకుని పాతిపెట్టడానికి తీసుకెళ్తుంటే ఆయనకి కడుపు తరుక్కుపోయింది. తప్పిపోయిన కొడుకు కథలో తండ్రికీ అంతే, దూరంగా ఉండగానే. ఆ తండ్రి పరుగెత్తాడు. మన ఊళ్లలో పెద్దమనిషి నలుగురి ముందు పంచె ఎగ్గట్టి పరుగెత్తడం ఎప్పుడైనా చూశావా? నేను చూడలేదు. పరువు పక్కన పెడితే తప్ప పరుగు రాదు.

అలాగని కొత్త నిబంధనలో కోపం లేదా? మార్కు 3:5 చూడు. ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి ఉన్నవాడు ఎదురుగా ఉంటే, విశ్రాంతి దినం నియమం పేరుతో వాడికి మేలు జరగకుండా కాపలా కాసినవాళ్లని యేసు కోపంతో చూశాడు, దుఃఖపడ్డాడు కూడా. కోపం, దుఃఖం ఒకే చూపులో. దేవుని కోపం ఎలా ఉంటుందో తెలియాలంటే నాకు ఈ వచనం చాలు.

సిలువ గురించి ఒక్క హెచ్చరిక. కోపంగా ఉన్న తండ్రి, అడ్డం పడి మనల్ని కాపాడిన కొడుకు అన్నట్టు కొందరు చెబుతారు. జడ్జిగారు, ఆయన కొడుకు అంటూ ఒక కథ కూడా ఉంది, మన కూటాల్లో తెగ వాడతారు. నాకు అది నచ్చదు. అందులో మళ్లీ ఇద్దరు దేవుళ్లు దొంగదారిన వచ్చేస్తారు. సిలువ మీద ఏం జరిగిందో వివరించడంలో సంఘాల మధ్య తేడాలున్నాయి, అవి ఉండనీ. కానీ దేవుడే క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు రాశాడు, 2 కొరింథీ 5:19. మనం ఇంకా పాపులుగా ఉండగానే అని రోమా 5:8. బంగారు దూడ బూడిద ఇంకా చల్లారకముందే తన మంచితనం గురించి చెప్పిన దేవుడు, అక్కడా అదే పని చేశాడు.

ఒకసారి సండే స్కూల్లో దేవుడి బొమ్మ గీయమన్నాను. బొమ్మలు గీయకూడదేమో అని ఒక తల్లి అభ్యంతరం కూడా చెప్పింది. నాకు కావలసింది బొమ్మ కాదు, వాళ్ల మనసులో ఏముందో తెలియాలని. రైల్వే పిల్లలు కదా, ఒక కుర్రాడు నల్లకోటు టీసీని గీశాడు, చేతిలో పెన్ను, రసీదు పుస్తకం. "టికెట్ లేకపోతే దింపేస్తాడు సార్" అన్నాడు. నేను నవ్వాను కానీ ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. నాలుగేళ్లుగా వాడికి పాఠాలు చెబుతున్నది నేనే. టీసీని వాడికి నేర్పింది కూడా నేనే అయ్యుండాలి. ఆ మరుసటి ఆదివారం నుంచే నిర్గమకాండము 34 మొదలుపెట్టాను.

నువ్వు కూడా అక్కడే మొదలుపెట్టు. 32, 33, 34 అధ్యాయాలు ఒకేసారి కూర్చుని చదువు. తర్వాత యోనా, నాలుగు అధ్యాయాలే, అరగంట పట్టదు. ఆపైన 103వ కీర్తన, లూకా 15. ముందు బైబిల్లో ఉన్నట్టే చదివి, తర్వాత మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో నీ నోటితో నువ్వే చెప్పుకో. ఒడియాలో చెప్పుకోగలిగితే అలాగూ చెయ్యి. మాట మారినప్పుడు అర్థం కొత్తగా తగులుతుంది. ఎక్కడ ఆగిపోయినా ఇక్కడే రాయి, తెలిసినంత చెబుతాను.

మామయ్యగారి దగ్గరికి ఈసారి వెళ్లినప్పుడు ఆ 18 మంది సంగతి చదివి వినిపించు. ఆ కూటం మాట నిన్నే ఇన్నేళ్లు పట్టుకుని ఉంటే, ఆయన్ని ఎంత పట్టుకుందో. చదివాక ఏమీ వివరించకు, కాసేపు పక్కన కూర్చో.